పెద్దబాపు రెండోసారి పోయిన వైనం

ఏ మనిషైనా ఒక్కసారే పోతాడు. మా పెద్దబాపు, అదే మా పెదనాన్న, మాత్రం రెండుసార్లు పోయాడు. మొదటిసారి గుండె ఆగి, రెండోసారి నా చేతుల్లో. మొదటిదానికి ఛత్రినాకలోని మా గల్లీ గల్లీ అంతా వచ్చి ఏడ్చింది. రెండోదానికి ఏడవాల్సిన పని నా ఒక్కడికే పడింది. చదువుతూ మీకు నవ్వొస్తే నిక్షేపంగా నవ్వుకోండి, మా పెద్దమ్మ కంటబడకుండా నవ్వండి చాలు.

పెద్దబాపుది బర్రెల కొట్టం, పాల వ్యాపారం. పాల బిల్లులు ముద్రిస్తానని ఎవరో వదిలించుకుంటున్న పాత కంప్యూటర్ కొని ముందు గదిలో పెట్టించాడు. బిల్లు ఒక్కటీ బయటికి రాలేదు. ఆయన పోయాక అందులో మిగిలింది ఒక్క ఫొటో. దీపావళి వెళ్ళాక జరిగే దున్నపోతుల పండుగ సదర్‌లో తీసింది. ఫొటోలో దున్నపోతు ముందుకాళ్ళెత్తి మనిషిలా నిలబడి ఉంటుంది. కొమ్ములకు నెమలి ఈకలు, మెడలో పూలదండ. దాని కింద పగ్గం పట్టుకుని పెద్దబాపు, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతూ. ఆయన నవ్విన ఫొటో లోకంలో అదొక్కటే. తీసిన ఫోన్ బర్రెల తొట్టిలో పడి ఎప్పుడో చచ్చింది. ఆ ఫొటోను కంప్యూటర్‌లోకి ఎక్కించి, తెర నిండా కనబడేలా పెట్టిన ఘనుణ్ణి నేనే.

పెద్దమ్మ రోజూ పొద్దున స్నానం చేసి కంప్యూటర్ ఆన్ చేసేది. తెర మీదికి పెద్దబాపు రాగానే అగరుబత్తి వెలిగించి, పాల డబ్బులెవరు ఎగ్గొడుతున్నారో, ఏ బర్రె మేత ముట్టలేదో చెప్పుకునేది. తర్వాత ఆఫ్ చేసేది. పటం కట్టించి గోడకు పెట్టుకోమని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు.

"పటం కడితే పోయినట్టేరా. గిట్లయితే పొద్దుగాల్ల వస్తడు, మల్ల కొట్టంకాడికి వోతడు" అనేది.

పెత్రమాస దగ్గర పడింది. మా ఇళ్ళల్లో ఆరోజు పెద్దల పేరు మీద బియ్యమిచ్చి, వండినవన్నీ విస్తట్లో వాళ్ళ పటాల ముందు పెడతారు. ఈసారి కంప్యూటర్ ముందే విస్తరి వేస్తానని పెద్దమ్మ అందరికీ చెప్పుకుంది. సరిగ్గా అప్పుడు, ఒక పొద్దున, తడి జుట్టుతోనే మా గడపలో నిలబడింది.

"మీ పెద్దబాపు పోయిండురా."

"పోయి ఏడాది దాటిపాయె గద పెద్దమ్మా!"

"మల్ల పోయిండు."

వెళ్ళి చూస్తే తెరంతా నల్లగా ఉంది. మూలన చిన్న అక్షరాలు, సిస్టమ్ యాక్టివేట్ కాలేదని. కారణం నాకు వెంటనే తట్టింది. వానలకు కాలిపోయిన లోపలి బోర్డు తీసేసి అంతకు ముందే కొత్తది వేయించాం. ఇది వేరే కంప్యూటరేమోనని సిస్టమ్‌కు అనుమానం వచ్చింది. కీ, అంటే కొన్నందుకు రుజువుగా ఇచ్చే అక్షరాల వరస, కొడితే అనుమానం పోతుంది. అప్పటికి నాది సగం పూర్తయిన కంప్యూటర్ కోర్సు. గల్లీలో నన్ను ఇంజనీర్ సాబ్ అనేవాళ్ళు. సగం ఇంజనీరంత ప్రమాదకరమైన ప్రాణి మరొకటి ఉండదు.

"ఫికర్ చెయ్యకు పెద్దమ్మా. డబ్బా మీద స్టిక్కరుంటది, దాంట్ల కీ ఉంటది. కొడితే అయిపాయె."

డబ్బా తిప్పి చూశాను. స్టిక్కరుంది. దాని మీద గట్టిపడ్డ పసుపు, ఆ పసుపు నడుమ రూపాయంత కుంకుమ బొట్టు.

"ఇదేంది?"

"దసరాకు పెద్దబాపు పెట్టేటోడు గద, అన్ని సామాన్లకు పెట్టినట్టు. కంప్యూటర్‌కు నొసలేదో తెల్వక, ఆ స్టిక్కరు బొట్టుకే అతికిచ్చిండ్రనుకొని ఆడ్నే పెట్టిండు."

తడిగుడ్డతో తుడిచాను. పసుపు పోయింది. దాంతోపాటు అక్షరాలూ పోయాయి. పెద్దబాపు దసరా దసరాకూ అంత శ్రద్ధగా రుద్దిన భక్తి ముందు ఏ అచ్చు నిలుస్తుంది? అప్పుడైనా నోరు మూసుకుని ఉండాల్సింది. కంపెనీ సహాయ కేంద్రానికి ఫోన్ కొట్టాను.

"సర్, ప్రొడక్ట్ కీ చెప్తారా?" అంది అవతలి అమ్మాయి, చాలా మర్యాదగా.

"కనిపిస్తలేదు మేడమ్."

"ఎందుకు సర్?"

"పసుపు."

"సారీ సర్?"

"కుంకుమ గూడ ఉండె."

ఈలోగా పెద్దమ్మ ఫోన్ లాక్కుంది. "బిడ్డా, మా ఆయన రావాలె. జర పంపియ్యి తల్లీ" అని బతిమాలింది. ఆ అమ్మాయి పాపం ఏమనుకుందో ఏమో, కొత్త కీ కొనుక్కోవాలి మేడమ్ అని మెల్లగా చెప్పి పెట్టేసింది.

చాంద్రాయణగుట్టలో పాత కంప్యూటర్లు అమ్మే ఖాజా భాయ్ దగ్గరికి పరుగెత్తాను. ఆయన కొత్త కీతో సహా అసలైన డిస్కు చేతికిచ్చి, "ఆసాన్ కామ్ హై భాయ్. పురానా నికాలో, నయా డాలో. బ్యాకప్ లియే నా?" అని అడిగాడు. పాతది తీసి కొత్తది వేయడమే, లోపలున్నవాటికి నకలు తీసుకున్నావు కదా అని.

"హౌ, లియా భాయ్" అన్నాను.

తీసుకోలేదు. తెర మీద లేని ఫొటో లోపలెక్కడుంటుంది, కొత్త సిస్టమ్ వేస్తే అదే వస్తుందిలే అనుకున్నాను. ఇది నిజమా అని ఖాజా భాయ్‌ను అడిగితే ఇంజనీర్ సాబ్ పరువేం కాను?

ఇంటికొచ్చి డిస్కు పెట్టాను. పాతవన్నీ చెరిపేయాలా అని అడిగింది. చెరిపేయమన్నాను. మళ్ళీ అడిగింది, తిరిగి రావు సుమా అని. ఒక యంత్రం అంతగా ప్రాధేయపడుతుంటే మనిషన్నవాడు ఆగాలి కదా? నాకు చిరాకేసి గట్టిగా నొక్కాను.

సాయంత్రానికి పని పూర్తయింది. యాక్టివేట్ అయినట్టు తెర మీద రాగానే "అయింది పెద్దమ్మా!" అని అరిచాను. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ, అగరుబత్తి పట్టుకుని పరుగున వచ్చింది. తెర మీద నీలం రంగు. ఇంకేమీ లేదు.

"మీ పెద్దబాపేడి?"

"వస్తడు పెద్దమ్మా."

"ఎప్పుడొస్తడు?"

ఆమె అగరుబత్తి వెలిగించకుండానే లోపలికి వెళ్ళింది. అసలు సంగతి ఆ తర్వాత చదివి తెలుసుకున్నాను. యాక్టివేట్ కాకపోతే తెర నల్లబడుతుందంతే, ఫొటోలు ఎక్కడివక్కడే ఉంటాయి. పెద్దబాపు లోపల క్షేమంగా నవ్వుతూ ఉండగానే నేను వెళ్ళి చంపాను. ఇందులో హాస్యం ఎక్కడుందని మీరడిగితే, నేనూ దాన్నే వెతుకుతున్నాను.

డబ్బాను భుజానెత్తుకుని మళ్ళీ ఖాజా భాయ్ కాళ్ళ మీద పడ్డాను. ఆయన తిట్టకుండా కూర్చుని, చెరిగిపోయినదాంట్లోంచి ఏవో ముక్కలు లాగాడు. పెత్రమాస పొద్దున ఒక ప్రింటు చేతిలో పెట్టి "ఇత్నాచ్ మిలా భాయ్" అన్నాడు, ఇంతే దొరికిందని.

ఫొటోలో పై సగమే వచ్చింది. నెమలి ఈకల కొమ్ములు, పూలదండ, ఎత్తిన ముందుకాళ్ళు, అన్నీ ఉన్నాయి. కింది సగమంతా బూడిదరంగు. మనిషి తాలూకు ఆనవాలు చివరి అంచున పగ్గం పట్టుకున్న పిడికిలి ఒక్కటే. చూస్తుంటే యముడి వాహనం ఒంటరిగా వచ్చి మా ఇంటి ముందు నిలబడ్డట్టుంది.

పెద్దమ్మ తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. ఆమె ఆ కాగితాన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత గోడకు ఆనించి, బొట్టు పెట్టి, ముందు విస్తరి వేసింది. బియ్యం తీసుకోవడానికొచ్చిన అయ్యగారు దండ వేసుకున్న దున్నపోతును, దాని ముందున్న గారెలను, పాయసాన్ని చూసి ఇబ్బందిగా కదిలాడు.

"ఎవరమ్మా పటంలో?"

"మా ఆయన" అంది పెద్దమ్మ.

అయ్యగారు నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను. ఆయన ఇంకేమీ అడక్కుండా గోత్రం చెప్పమన్నాడు.

ఆయన వెళ్ళిపోయాక పెద్దమ్మ నన్ను పిలిచి, ఆ పిడికిలి మీద వేలు పెట్టి చూపించింది. "చెయ్యి ఆయనదే బిడ్డా. ఏడ్వకు. గీ కింద నవ్వుతనే ఉన్నడు, మనకు కనవడ్తలేడు గంతే" అంది. నేను విస్తరి ముందే కూలబడి భోరుమన్నాను.

కాబట్టి ఛత్రినాక ప్రజలారా, వినండి. ఇకమీద ఎవరింటి తెర నల్లబడ్డా, నీలమైనా, నిప్పంటుకున్నా సరే, నేను వేలు పెట్టను. గుడికొచ్చి పసుపు నీళ్ళు ముట్టి మరీ చెబుతున్నాను. మరీ బతిమాలితే వచ్చి చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడతాను, మీతోపాటు ఏడుస్తాను, చాయ్ ఇస్తే తాగి వెళ్ళిపోతాను.