కరుణమ్మ టీచర్ గొంతు

నిన్న మా అమ్మాయికి జలుబు చేస్తే వావిలాకు మరిగించి ఆవిరి పట్టాను. దుప్పటి కింద నుంచి ఆ ఘాటు వాసన రాగానే, బాపట్లలో మా వంటింట్లో నిలబడి ఉన్నదాన్ని ఉన్నట్టుండి రేపల్లె వెళ్లిపోయాను. పాడబోయే ముందు కరుణమ్మ టీచర్ ఇంటినిండా ఈ వాసనే ఉండేది. ఆవిరి పడితే గొంతు కాస్త తెరుచుకుంటుందని ఆవిడ ఆశ. తెరుచుకునేది కాదు. అయినా పాడేవారు.

నేను పుట్టి పెరిగిందీ, వీణ నేర్చుకుందీ తెనాలిలో. రేపల్లెలో గుమాస్తా ఉద్యోగం వచ్చాక టీచర్ గారి మేడ మీద వాటా అద్దెకు తీసుకున్నాను. ఆవిడ బడిలో పాటల టీచరుగా రిటైరై, లూథరన్ చర్చిలో పాటల బృందాన్ని నడిపేవారు. నేను దిగిన ఏడాదే ఆవిడకు థైరాయిడ్ ఆపరేషన్ జరిగింది. గడ్డతోపాటు గొంతూ పోయింది. మాట బొంగురుగా వచ్చేది. పాటైతే మధ్యలో తెగిపోయేది. చర్చిలో ముందు నిలబడి పాడించే పని మరొకరికి అప్పగించారు. నొప్పించాలని ఎవరూ అలా చేయలేదు. కానీ ఆ తర్వాత చాలా ఆదివారాలు టీచర్ వెనక బెంచీలో పెదవులు బిగించుకుని కూర్చున్నారు.

ఒక సాయంత్రం నేను ఫోను ఎదురుగా పెట్టుకుని వీణ వాయిస్తుంటే టీచర్ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చారు.

"ఏంటమ్మాయ్, ఎవరికి వాయిస్తున్నావు?"

"ఎవరికో నాకూ తెలీదు టీచర్ గారూ. యూట్యూబ్‌లో పెడతాను. ఎవరు వింటే వాళ్లు."

ఆవిడ కాసేపు ఫోను వంక చూసి, "అయితే నా పాటకి కూడా వాయించు," అన్నారు.

"గొంతు బాగయ్యాక పాడుదురుగానిలెండి."

"బాగవదని డాక్టరు చెప్పేశాడు. ఇంక దేనికోసం ఆగమంటావు?"

సముద్రం మీదికి వెళ్లిన నాన్న పడవ కోసం ఒడ్డున ఎదురుచూసే పిల్ల పాట అది. బడి పిల్లల కోసం తానే రాసుకున్నారు. పాడుతుంటే రెండో చరణంలో గొంతు పూర్తిగా ఆగిపోయింది. ఊపిరి తీసుకుని, తెగిన చోటు నుంచే మళ్లీ అందుకున్నారు. అలాగే పెట్టాం.

మొదట వచ్చిన వ్యాఖ్య ఇప్పటికీ గుర్తుంది. పీక నొక్కినట్టుంది, ఇలాంటివి ఇంట్లో పాడుకోండి అని ఎవరో రాశారు. గుంటూరు నుంచి ఆవిడ కొడుకు ఫోన్ చేశాడు. "ఆఫీసులో అందరూ చూస్తున్నారమ్మా. తీసేయమని చెప్పు."

"నీకు జోలపాడిన గొంతేరా ఇది. కాస్త చెడింది, అంతే," అని ఫోన్ పెట్టేశారు. నేను అప్పటికే పాట తీసేయడానికి ఫోను పట్టుకున్నాను. "ఉంచమ్మాయ్," అన్నారు నా చెయ్యి పట్టుకుని. "నచ్చలేదని ఆ రాసినాయన చెప్పాడు. సరే. పాడనని నేను చెప్పలేదుగా."

కొన్నాళ్లకు సెనెగల్ దేశం నుంచి ఒకాయన ఆ పాటకు తన వాయిద్యం జోడించి పంపాడు. పెద్ద సొరకాయ బుర్రకు తీగలు కట్టిన వాయిద్యం. పేరు కోరా. "మన వీణకి చుట్టంలా ఉందే!" అని టీచర్ మురిసిపోయారు. రెండో చరణం వచ్చింది. ఆవిడ గొంతు ఆగిన చోట అతని వేళ్లూ ఆగాయి. ఆ ఖాళీని నింపలేదు. ఆవిడ ఊపిరి తీసుకున్నాక, మాటతోపాటు మళ్లీ మొదలుపెట్టాడు.

టీచర్ కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు. "నాకోసం ఆగాడమ్మాయ్. భాష కూడా తెలీదు పాపం."

ఆ తర్వాత ఆవిడను ఆపడం ఎవరివల్లా కాలేదు. హైదరాబాదు అమ్మాయి గిటారుతో, బ్రెజిల్ ఆయన డోలుతో, నా వీణతో పాడుతూనే ఉన్నారు. "ఆ డోలాయన్ని కాస్త మెల్లిగా కొట్టమని రాయి, నేను కూడా వినపడాలిగా," అని నాతో ఇంగ్లీషులో రాయించేవారు. మరుసటి క్రిస్మస్‌కి చర్చివాళ్లే వచ్చి పిలిచారు. బొంగురు గొంతుతోనే ముందు నిలబడి పాడారు.

కిందటి వర్షాకాలంలో పోయారు. అప్పటికి మేమింకా బాపట్లకు మారలేదు. కార్యక్రమాలన్నీ అయ్యాక ఆవిడ కొడుకు మేడ మీదికి వచ్చాడు. "అమ్మ బాగున్నప్పుడు పాడిన పాటలేమన్నా ఉన్నాయా చెల్లెమ్మా?"

"ఇవే ఉన్నాయి అన్నయ్యగారూ," అని ఫోను చేతికిచ్చాను. "ఇవి బాగున్నప్పుడు పాడినవే."

మెట్ల మీద కూర్చుని అన్నీ విన్నాడు. మధ్యలో లేవలేదు.

నేను ఇన్నేళ్లూ వీణ వాయించానే గానీ నోరు తెరిచి పాడలేదు. నా గొంతు మీద నాకు నమ్మకం లేదు. ఇప్పుడు పాడుతున్నాను. పోయిన వారం పెట్టిన పాటలో ఒకచోట అపస్వరం పడింది, విన్న ప్రతివాళ్లకీ తెలిసేంతగా. మళ్లీ రికార్డు చేయలేదు.