ఆరిందనే మాటకు అర్థం

2018 జూలై, గురువారం. విశాఖ ఓడరేవు, ఖనిజం నిల్వచేసే యార్డు. ఉన్నవారు: ఓడ తరఫున కార్గో సర్వేయరుగా నేను, సరుకు యజమాని తరఫున ఆనందపురం రమణ, కూలీల మేస్త్రీ ఎర్రయ్య.

సరుకు ఓడకెక్కే ముందు పరీక్షించి, ఎక్కించవచ్చో లేదో చెప్పడం సర్వేయరు పని. ఆ రోజు సరుకు ఐరన్ ఓర్ ఫైన్స్, అంటే ఇసుకలా నలిగిన ఇనుప ఖనిజం. ముందు వారమంతా వాన. ఆ తర్వాత రెండు రోజులు ఎండ కాసింది.

"దుమ్ము లేత్తంది సూడు బావ. ఆరకపోతే దుమ్మెలా లేత్తది?" అన్నాడు రమణ.

"పైన దుమ్మే. పార దిగితే ముద్ద వత్తంది. మొన్న నీ మేనకోడలి పెళ్ళిలో పులిహోర కూడా పైకి బాగానే అవుపించింది" అన్నాడు ఎర్రయ్య.

రమణ నవ్వలేదు. నన్ను పక్కకు పిలిచి, "రేపు పొద్దున్నకి లోడింగ్ మొదలవ్వకపోతే నన్ను మాన్పించేత్తారు సార్. ఆరిందని రాసీండి" అన్నాడు.

నిజానికి పొద్దున గుప్పిట పట్టి చూసి, నా పుస్తకంలో నేనూ 'ఆరినట్టుంది' అనే రాసుకున్నాను. ఇద్దరి వాదన వింటుంటే ఆ మాటకు అర్థమేమిటో నాకే తెలియదనిపించింది.

"ఆరిందైతే ఓడలో ఏమవుతుంది? తడిదైతే ఏమవుతుంది? అది చెప్పండి" అన్నాను.

రమణ కాస్త ఆలోచించాడు. "ఆరిందైతే పోసిన సోటే ఉంటది."

"తడిదైతే ఓడ ఒరిగిన పక్కకి జారతది. ఓడ మరి లెగదు" అన్నాడు ఎర్రయ్య.

ఇక మాటల తగాదా లేదు. చూడవలసింది ఒక్కటే మిగిలింది: కుదిపితే సరుకు ఉన్నచోటే ఉంటుందా, జారుతుందా.

గుట్ట లోపలి నుంచి ఖనిజం తీయించి, లీటరు పట్టే రేకుడబ్బాలో సగం దాకా నింపాను. దీన్ని క్యాన్ టెస్ట్ అంటారు. జానెడు ఎత్తు నుంచి డబ్బాను గట్టి నేల మీద ఇరవై ఐదు సార్లు కొట్టాలి. నీరు పైకి తేలితే, లేబొరేటరీ తేల్చేవరకు ఎక్కించకూడదు. తేలనంత మాత్రాన సరుకు మంచిదని కూడా కాదు.

పదిహేనో దెబ్బకు పైభాగం నిగనిగలాడింది. ఇరవై ఐదు పూర్తయ్యాక డబ్బా వంచితే ఖనిజం పెరుగులా పక్కకు జరిగింది.

"దెబ్బలు తింటేనే నీళ్ళు బయటికొత్తాయా సార్?"

"సముద్రంలో కెరటాలు కొట్టేవి ఆ దెబ్బలే రమణా."

పొద్దున రాసుకున్న మాట కొట్టేశాను.

ఉద్యోగ విరమణ తర్వాత లైబ్రరీలో ప్రాగ్మాటిజం అనే తత్వశాస్త్ర పద్ధతి గురించి చదివాను. ఒక భావం స్పష్టం కావాలంటే, అది నిజమైతే అనుభవంలో ఏ తేడా కనిపిస్తుందో అడగమంటుంది. ఏ తేడా లేకపోతే ఆ వాదన ఉత్త మాటలే. తేడా ఉంటే అక్కడ చూడాలి. చదువుతుంటే గుర్తొచ్చింది ఆ యార్డే. ముప్పై ఏళ్ళు 'ఆరింది', 'బాగుంది' అని రాసి సంతకాలు పెట్టినవాణ్ణి, ఆ ప్రశ్న ఎంత ఆలస్యంగా అడిగానో కూడా తెలిసింది.

యార్డులో ఆ పరీక్ష జరిగిన మర్నాడు పొద్దున రమణ మా ముందే స్పీకరు పెట్టి యజమానికి ఫోను చేశాడు.

"ఇంతకీ ఆరిందా లేదా? ఒక్క మాటలో చెప్పు" అన్నాడాయన.

"ఒక్క మాటలో అవ్వదు సార్. ఓడ ఊగితే ఇదీ ఊగతది. అందులో ఇరవై మంది ఉంటారు. నన్ను మాన్పించినా సరే, నానెక్కించను."

అవతలి నుంచి, "అయితే లేబొరేటరీకి శాంపిల్ నువ్వే పట్టుకెళ్ళు" అని వినిపించింది.