రెడ్డెమ్మక్కకు కట్టిన పాట

జూన్ నెలలో తిరుపతి నుంచి చిత్తూరుకు బస్సులో పోయేవాళ్ళకు చంద్రగిరి దాటిన కాసేపటికి ఒక వాసన తగులుతుంది. ఉడుకుతున్న మామిడి గుజ్జు వాసన, దానితోపాటే ఎండకు పులిసిన టెంకల వాసన. మొన్న నా పక్కన కూర్చున్న పెద్దాయన గుండెల నిండా పీల్చుకుని, "అబ్బా, ఎంత బాగుండాదమ్మా!" అన్నాడు. నేను కిటికీ మూసేశాను. ఆయన నావైపు చిరాగ్గా చూశాడు. ఆయన తప్పేం లేదు. ఆయనకది మామిడిపండు, నాకు రెడ్డెమ్మక్క. ఆమె చీరకు, జుట్టుకు, పండగనాడు కట్టుకునే కొత్త రవికకు కూడా ఆ వాసన వదిలేది కాదు. ఆమె పోయి మూడేళ్ళు దాటింది. ఎవరైనా "మీకు పాట నేర్పిన గురువెవరండీ" అని అడిగితే నేను ఆమె పేరే చెబుతాను. ఆమె గొంతు విన్నవాళ్ళు మాత్రం పకపకా నవ్వుతారు. ఎందుకంటే ఆమె పాడితే తుప్పు పట్టిన గేటు తీసినట్టుండేది.

నేను ఇప్పుడు పాటలు రాసి, పాడి బతుకుతున్నాను. తిరుపతిలో స్టూడియోలకు భక్తి పాటలు రాస్తాను, తిరునాళ్ళలో పల్లె పాటలు పాడతాను, శాలువాలు కప్పించుకుంటాను. అంతకుముందు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు కోసేదాన్ని. మా ఊళ్ళల్లో దాన్ని జూసు ఫ్యాక్టరీ అంటారు. కాపు దిగే నెలల్లో చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్ళంతా అక్కడికే పోతారు. పొడవాటి బల్లల ముందు నిలబడి, తొడిమ కోసి, మచ్చలు చెక్కి, కాయను ముందుకు తోయాలి. సొన తగిలి వేళ్ళ మధ్య తోలు లేచిపోయేది. అన్నం కలుపుకుంటే ప్రాణం పోయినట్టుండేది. పెళ్ళయిన కొత్తలో నేను ఆ బల్ల దగ్గరికి వచ్చినప్పుడు నా ఎదురుగా నిలబడిన మనిషి రెడ్డెమ్మక్క. ఆమె వెనకుండి పనివాళ్ళ సంఘం పెట్టించిందని, మేనేజరుకు ఆమె అంటే కంటిలో నలుసని నాకు తర్వాత తెలిసింది. మొదటిరోజు నాకు తెలిసిందల్లా ఆమె నా చేతులకు కొబ్బరినూనె రాసి, "ఇది పూసుకోకుండా కత్తి పట్టిండావే, నీకు బుద్ధి ఉండాదా?" అని తిట్టిందని. ఆమెకు ప్రేమ వస్తే తిట్టేది. కోపం వస్తే మాత్రం నెమ్మదిగా, మర్యాదగా మాట్లాడేది.

మా పుట్టింటి ఊళ్ళో నేను చెక్కభజన పాటలు పాడేదాన్ని. అలవాటు కొద్దీ పనిలో కూనిరాగం తీస్తే సూపర్‌వైజరు గద్దించాడు. రెడ్డెమ్మక్క కత్తి కింద పెట్టి, "పాడితే చెయ్యి ఆగతాదా సార్? ఆగితే చెప్పండి, నేనే మానిపిస్తాను" అంది, చాలా మర్యాదగా. ఆయన వెళ్ళిపోయాడు. ఆమె నావైపు తిరిగి, "మునిలక్ష్మీ, నీకు పాట కట్టేది వస్తాదా?" అని అడిగింది. వస్తుందన్నాను. ఆ రోజుల్లో మా బల్లలకు దూరంగా, గోడ పక్కన మంచినీళ్ళ కుండ ఉండేది. అక్కడిదాకా పోతే పని ఎగ్గొట్టామని అరిచేవాళ్ళు. దాని మీద పాట కట్టమంది. "నేనొకదాన్ని అడిగితే నా నోరు మూపిస్తారు మే. హాలంతా పాడితే ఎవరి నోరని మూస్తారు?"

రాత్రంతా కూర్చుని, అందమైన మాటలన్నీ ఏరి, పెద్ద పాట కట్టుకుని వెళ్ళాను. ఆమె శ్రద్ధగా విని, "బాగుండాది. గుడిలో పాడుకో" అంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. అప్పుడామె ఒక కాయ తీసుకుని కోసి చూపించింది. "సూడు, కత్తి పడతాది, లేస్తాది. ఈ నడిమద్దెలోనే మేం వంత పాడాల. నువ్వు ఇంత పొడుగు లాగితే మాలో ఒకదానికి వేలు తెగతాది." నా జీవితంలో సంగీత పాఠమంటే అదొక్కటే. మర్నాటికి పాట చిన్నదైంది:

"కుండేమో ఆ గోడకాడ, నేనేమో ఈ బల్లకాడ,
నడిమద్దె సూపరైజరు, నా దప్పి ఎవరికి సెప్పేది?"

హాలంతా పాడింది. సూపర్‌వైజరుకు కోపమొచ్చింది, మేనేజరుకు నవ్వొచ్చింది. ఆ వారం తిరక్కుండానే బల్లకొక కుండ వచ్చింది. చేతి తొడుగుల మీద పాట, మరుగుదొడ్డి తలుపు మీద పాట అలా ఒక్కొక్కటీ పుట్టాయి. కొన్ని సాధించాం, కొన్ని పాటలుగానే మిగిలాయి. ఆ పాటలు ఎవరి ద్వారానో తిరుపతి స్టూడియో వాళ్ళ చెవిన పడ్డాయి. నన్ను పిలిచారు. ఫ్యాక్టరీ వదలాలంటే నాకు మనసొప్పలేదు. రెడ్డెమ్మక్క, "పోవే, పో. ఈడ ఉండి సొన పూసుకుంటే నీ గొంతు పెరగతాదా? మాకు పాట కావల్సినప్పుడు మేమే వస్తాం, నీ యింట్లో కాఫీ తాగి అడగతాం" అంది. అన్నట్టే వచ్చేది. కాఫీలో చక్కెర తక్కువైందని గొడవ కూడా పెట్టుకునేది.

చివరి రెండేళ్ళు ఆమె మనసంతా ఒక్క కోరిక మీదే ఉంది. ఆడవాళ్ళను పల్లెల నుంచి ఫ్యాక్టరీకి తీసుకురావడానికి ఒక బండి కావాలి. అప్పటికి అందరూ ఆటోల్లోనే వచ్చేవాళ్ళు. తెల్లవారుజామున ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చుని, సగంమంది బయటికి వేలాడుతూ పెద్ద రోడ్డు ఎక్కాలి. ఒకసారి నన్ను కూడా వెంటబెట్టుకుని మేనేజరు దగ్గరికి పోయి, ఆమె చాలా నెమ్మదిగా అన్న మాట నాకిప్పటికీ వినిపిస్తుంది. "సార్, కాయ నలగకుండా లారీలో వరిగడ్డి పరిపిస్తారు గదా. మాకు గడ్డి వద్దు సార్, కూర్చునేదానికి చోటియ్యండి." వచ్చే సీజనుకు చూద్దామన్నాడు. వచ్చే సీజనులో మళ్ళీ అదే మాట చెప్పాడు.

ఫోను వచ్చినప్పుడు నేను స్టూడియోలో ఉన్నాను. మలుపులో ఆటో బోల్తా పడింది. లోపల ఉన్నవాళ్ళకు దెబ్బలు తగిలాయి. రెడ్డెమ్మక్క అంచున కూర్చుంది. చిన్నపిల్లల తల్లులను లోపలికి తోసి, తను ఎప్పుడూ అంచునే కూర్చునేది. ఆసుపత్రికి చేరకముందే పోయింది. గేటు బయట జరిగింది కాబట్టి తమకు సంబంధం లేదని ఫ్యాక్టరీ వాళ్ళన్నారు. నేను వెళ్ళేసరికి చావు డప్పులు, పలకలు మోగుతున్నాయి. ఆడవాళ్ళు గుండెలు బాదుకుంటూ, వరస కలిపి పిలుస్తూ, రాగం తీసి ఏడుస్తున్నారు. అందరూ నావైపు చూశారు. పాటల మనిషిని కదా, నేనొక పదం అందుకోవాలి. నేను మాత్రం ఆమె చేతివేళ్ళ మధ్య పచ్చి పుండ్లు చూస్తూ కూర్చున్నాను.

పెద్దకర్మకు, మా మాటలో కర్మంత్రానికి, పాట కట్టాను. "ఏ పొద్దు పోతివమ్మా, మా పెద్దదిక్కు రెడ్డెమ్మా" అని, చావింటి ఏడుపు రాగంలోనే. పాడుతుంటే ఏడవని మనిషి లేడు. ఎవరో ఫోనులో తీశారు. అది ఊరూరా తిరిగింది. శ్రీకాళహస్తి నుంచి, గూడూరు నుంచి సభలకు పిలిచారు. వెళ్ళినచోటల్లా జనం కళ్ళు తుడుచుకుని చప్పట్లు కొట్టారు. నేను ఆమె రుణం కొంతైనా తీరుస్తున్నానని నమ్మాను. ఆమె ప్రాణం పెట్టిన బండి మాట ఇక మరుగున పడదని కూడా నమ్మాను.

మళ్ళీ కాపు దిగింది. నేను ఫ్యాక్టరీ గేటు ముందున్న టీ అంగడికి వెళ్ళాను. అవే ఆటోలు, అలాగే వేలాడుతున్న కాళ్ళు. మా పక్క బల్ల దగ్గర పనిచేసిన మేరీ దిగింది. హాల్లో పాట పాడుతున్నారా అని అడిగాను. మేరీ తల దించుకుంది. "లేదు మే. పనిలో ఏడుపు రాగం తీస్తే అరిష్టం గదా. ఇండ్లల్లో గూడా పిల్లోళ్ళుండే చోట ఎట్ల పాడేది? మా అత్త ఫోన్లో గూడా పెట్టనియ్యలేదు."

నెత్తిన నీళ్ళు కుమ్మరించినట్టయింది. చిన్నప్పటి నుంచి నాకు తెలిసిన సంగతే. చావు లేని ఇంట్లో చావు రాగం తీయకూడదని మా అమ్మ చేతిలో దెబ్బలు కూడా తిన్నాను. దుఃఖంలో అదే మరిచాను. ఊరూరా సభల్లో వినడానికి పనికొచ్చింది కానీ, ఎవరికోసం కట్టానో వాళ్ళ నోటికి పనికిరాని పాట అది. బండి సంగతి అడిగేవాళ్ళే లేరు. అడిగే మనిషి పోయింది, ఆమె బదులు అడగాల్సిన పాటను నేనే కాటికి పంపాను. మేరీ నా చెయ్యి పట్టుకుని, "ఆయమ్మ మమ్మల్ని ఏడిపిచ్చింది యాడ మే? తిట్టి తిట్టి నవ్విచ్చింది. ఆ తిట్లు కట్టు" అంది.

ఆ వారమంతా పని వదిలే వేళకు టీ అంగడి దగ్గరే ఉన్నాను. ఒక్కొక్కరూ ఆమె తమను తిట్టిన తిట్టు చెప్పారు. ఒకరు చెబుతుంటే ఇంకొకరు "నన్ను తిట్టింది ఇంకా పెద్దది" అని పోటీకి దిగారు. చచ్చిపోయిన మనిషి తిట్లకు అంత గిరాకీ ఉండడం నేనెక్కడా చూడలేదు. వాటిని చెక్కభజన దరువులో, కత్తి పడి లేచే కొలతకు కుదించాను:

"తొయ్యకుండా ఎక్కండే, తొక్కకుండా కూర్చోండే,
కాయకైతే లారీ ఉండె, మనకేదే బండి?"

హాలు పాడింది. కాయ దండిగా దిగిన ఒక పొద్దున ఆడవాళ్ళు గేటు ముందు రోడ్డు మీద కూర్చుని అదే పాడారు. లోపల లారీల్లో కాయలు మాగిపోతున్నాయి. మాగిన కాయ ఎవరికోసమూ ఆగదు. మధ్యాహ్నానికి మేనేజరు బయటికి వచ్చి ఒప్పుకున్నాడు. పాట వల్లే బండి వచ్చిందని నేననను. కూర్చున్నవాళ్ళ వల్ల వచ్చింది. కూర్చున్నంతసేపూ వాళ్ళకు నోట్లో ఒక మాట ఉండడానికి మాత్రం పాట పనికొచ్చింది.

బండి వచ్చిన మొదటిరోజు నన్ను కూడా ఎక్కించారు. తెల్లటి వ్యాను, ముందు నిమ్మకాయలు, అద్దానికి పసుపు, కుంకుమ. మనిషికొక సీటు. ఊరు దాటగానే పాట ఎత్తుకున్నారు. రెడ్డెమ్మక్కను ఎన్నడూ చూడని కొత్త పిల్లలు కూడా ఆమెలాగే చెయ్యి తిప్పుతూ తిడుతూ పాడుతున్నారు. వ్యానంతా నవ్వులు. ఆటో బోల్తా పడిన ఆ మలుపు రాగానే నాకు కడుపులోంచి దుఃఖం తన్నుకొచ్చింది. మేరీ చూసి గబుక్కున నా కళ్ళు తన కొంగుతో ఒత్తి, "ఏడ్సొద్దు మే, కొత్త బండి" అంది. మింగేశాను.

అప్పటి నుంచి మింగుతూనే ఉన్నాను. సభల్లో ఇప్పటికీ ఆ మొదటి పాట పాడమని అడుగుతారు. మరిచిపోయానని అబద్ధం చెబుతాను. అది మళ్ళీ పాడితే ఆమెను మళ్ళీ చావుకు ఒప్పజెప్పినట్టే అనిపిస్తుంది. ఆమెను వాళ్ళు నవ్వుతూ దాచుకున్నారు, నాకు సంతోషమే. కానీ ఎంత పెద్ద పాటగత్తెననిపించుకున్నా, మా అక్క కోసం నోరారా ఏడవడానికి నా దగ్గర ఒక్క పాట లేదు.