మొదటి రీలు తాతగారు

"ఇది ఇక జన్మంతా ఇంతేనేమో!"

ఆమె ఆ మాట ఎవరితోనూ అనలేదు. ఒళ్ళో నిద్రపోతున్న పాప తల నిమురుతూ, ఎదురుగా ఉన్న ఆసుపత్రి గోడతో అంది. పొద్దున పాప లేచేసరికి కళ్ళు రెండూ ఉబ్బి సన్నటి గీతల్లా అయిపోయాయి. నాలుగేళ్ళ పిల్ల. ఒంట్లో ఉండాల్సిన ప్రోటీను కిడ్నీల్లోంచి కారిపోతోందని, మందులకు తగ్గుతుందని, మళ్ళీ వచ్చినా రావచ్చని డాక్టర్లు చెప్పారు. తగ్గింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ తగ్గింది. ఇదిగో, మళ్ళీ.

గోడ ఏమీ అనలేదు. పక్క కుర్చీలోంచి జవాబొచ్చింది.

"ఇంతేనా కాదా అన్నది చివర తేలే సంగతి అమ్మాయ్. ముందు మొదటి నుంచి చెప్పు."

ఆ పక్క కుర్చీ ఆయన గురించి ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఆయన ఏ సంగతినీ మధ్యలోంచి చెప్పడు. టైమెంతయిందని అడిగితే ఆ గడియారం కొన్న రోజు దగ్గర మొదలుపెడతాడు. మంచినీళ్ళ కుళాయి ఎటువైపని అడిగితే, ఆసుపత్రికి పునాదులు తవ్విన నాటి నుంచి వివరిస్తాడు. ఆయన కుళాయి దాకా వచ్చేసరికి అడిగినవాడి దాహం దానంతటదే తీరిపోయి ఉంటుంది. ఒక సినిమా హాల్లో ప్రొజెక్టర్ నడిపి నడిపి రిటైరైన మనిషి. "మొదటి రీలు మానేసి మూడో రీలు వేస్తే జనం కుర్చీలు విరగ్గొడతారండీ" అనేవాడు. అందుకే కిడ్నీల విభాగంలో అందరూ ఆయనకు మొదటి రీలు తాత అని పేరు పెట్టారు. ఎదురుగా మాత్రం తాతగారూ అనేవారు.

తాతగారి జబ్బు చాలా పాతది. డాక్టరు మాత్రం ఎప్పుడూ కొత్తవాడే. పెద్ద డాక్టరు అరుదుగా దొరికేవాడు, చిన్న డాక్టర్లు వస్తూ పోతూ ఉండేవారు. ఎవరు కూర్చున్నా, తలెత్తకుండా అడిగే ప్రశ్న ఒక్కటే.

"ఏంటండీ ప్రాబ్లమ్?"

"నేను పుట్టిన రోజు జోరువానండీ."

"నేనడిగింది కిడ్నీల గురించి."

"అవీ నాతోపాటే పుట్టాయి కదండీ! వాటినేమైనా వేరే రోజు రమ్మన్నామా?"

"ఫైల్లో అంతా ఉంది తాతగారూ."

"ఫైల్లో నా రక్తంలోని క్రియాటినిన్ లెక్క ఉంది బాబూ. నేను లేను. కావాలంటే వెతుక్కో."

ఆ గది తలుపు సరిగ్గా పడేది కాదు. అందువల్ల లోపలి సంభాషణంతా బయట బెంచీల మీదివాళ్ళకు ఉచితంగా వినిపించేది. తాతగారు లోపలికి వెళ్ళాడంటే చాలు, వరసలో నిట్టూర్పులు మొదలు.

"ఎక్కడిదాకా వచ్చాడు?" అని చివర కూర్చున్నాయన గొంతు పెంచి అడిగేవాడు.

"ఇంకా బళ్ళో వెయ్యలేదు."

"అయితే నేను టీ తాగొస్తా."

ఆయన తాగి వచ్చేసరికి లోపల తాతగారికి మీసాలు వచ్చేవి. పెళ్ళయిందంటే సగం గండం గడిచినట్టు. కాళ్ళవాపు మొదటిసారి కనిపించిందన్న మాట వినపడగానే బెంచీలన్నీ ఒక్కసారి కదిలేవి. తర్వాతివాళ్ళు చెప్పులు వేసుకుని సిద్ధమయ్యేవారు.

ఇంత కథా విన్నాక డాక్టరు ఏం రాసేవాడు? పోయినసారి రాసిందే. తాతగారు చీటీ చేత్తో పట్టుకుని బయటికి వచ్చి, కుర్చీలో కూలబడి, ఆయాసం తీర్చుకునేవాడు. "వచ్చిన ప్రతి ఆపరేటరూ కొత్తవాడేనమ్మా. ముందువాడు బొమ్మ ఎక్కడ ఆపాడో వీడికి తెలీదు. నేను చూస్తే ఏళ్ళ తరబడి ఇదే హాల్లో కూర్చున్నాను" అనేవాడు. అంటూ నవ్వేవాడు. ఆ నవ్వు పూర్తయ్యేలోగా మళ్ళీ ఆయాసం వచ్చేది.

పాప తల్లి పద్ధతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఆమె రసాయనశాస్త్రం చదువుకుంది. ఒక లాబులో రిపోర్టులు రాయడమే ఉద్యోగం. అనవసరమైన మాట ఒక్కటీ లేకుండా చెప్పడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. గదిలోకి వెళ్ళగానే ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పేది: "మళ్ళీ రిలాప్స్ అండీ. యూరిన్‌లో ప్రోటీన్ త్రీ ప్లస్. బరువు పెరిగింది. ఇవాళ జ్వరం లేదు, దగ్గు లేదు."

"వెరీ గుడ్. ఎంత క్లియర్‌గా చెప్పారండీ!" అని డాక్టరు మెచ్చుకుని, పాత మందే మళ్ళీ రాసేవాడు. ఆ మెప్పు మందుల షాపు దాకా కూడా నిలిచేది కాదు. అవే బిళ్ళలు చేతిలో పడగానే, మళ్ళీ ఎప్పుడొస్తుందోనని రోజులు లెక్కపెట్టుకునేది.

"అప్పుడే వచ్చేశావేం?" అనేవాడు తాతగారు. "క్లైమాక్స్ ఒక్కటీ చూపించి హాలు ఖాళీ చేయించావు."

ఆమెకు ఒళ్ళు మండేది. ఒకసారి ఆపుకోలేకపోయింది. ఆ రోజు తాతగారు లోపల ఎంతకీ ముగించలేదు. పెళ్ళయింది, కాళ్ళు వాచాయి, అయినా బయటికి రాడు! మళ్ళీ వెనక్కి వెళ్ళి హాల్లో చెడిపోయిన ఫ్యాను కథ ఎత్తుకున్నాడు. పాప ఆకలికి ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లినట్టు పడుకుంది. ఆయన బయటికి రాగానే ఆమె లేచి నిలబడింది.

"మీకిది కాలక్షేపం కావచ్చు తాతగారూ. మాకు పిల్ల ప్రాణం!"

బెంచీలన్నీ లోలోపల చప్పట్లు కొట్టాయి. తాతగారు కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. "నిజమే తల్లీ" అన్నాడు. కాసేపటికి జేబులోంచి చిన్న టార్చి తీసి గోడ మీద వేళ్ళతో ఒక కుందేలు పుట్టించాడు. పాప కళ్ళు తెరిచింది.

"ఈ కుందేలు ఎక్కడ పుట్టిందంటే…" అని మొదలుపెట్టాడు.

"తర్వాత?" అంది పాప.

ఆ ఆసుపత్రి మొత్తంలో ఆయన్ని 'తర్వాత' అని అడిగిన మనిషి పాప ఒక్కతే.

కళ్ళు గీతల్లా ఉబ్బిన ఈ రోజు మాత్రం చిన్న డాక్టరు కూడా తటపటాయించాడు. "పెద్ద డాక్టరుగారికి చూపించండి. టెస్టులు చేయించి రిపోర్టు పట్టుకురండి. ఆయన ఒంటిగంటకి వెళ్ళిపోతారు. మళ్ళీ వచ్చేది వచ్చే వారమే" అన్నాడు.

ఆమె పాపను భుజాన వేసుకుని బయటికి వస్తుంటే, పెద్ద డాక్టరు గదిలోంచి తాతగారు కూడా బయటికి వచ్చాడు. అదేమి వింతో, లోపలికి వెళ్ళి రెండు నిమిషాలు కాలేదు. టీకి లేచినాయన సగంలోనే నిలబడిపోయాడు.

"ఇవాళ ఇంత త్వరగానా తాతగారూ?" అంది ఆమె.

"ఆయనే మాట్లాడాడమ్మా. నాకు ఛాన్సివ్వలేదు. ఇంటర్వెల్ అయిపోయిందట. ఇక డయాలసిస్ అన్నాడు." టార్చిని జేబులో అటూ ఇటూ తిప్పాడు. "నువ్వెటు?"

"లాబుకి. ఒంటిగంట లోపల రిపోర్టు తేకపోతే వారం ఆగాలట. ఈ వాపుతో వారం…"

"పరిగెత్తు" అన్నాడు. ఆయన అంత చిన్న వాక్యం మాట్లాడగా ఆమె ఎన్నడూ వినలేదు.

లాబు వెనక భవనంలో ఉంది. అక్కడ మిషను ఆగిపోయింది. బాగుచేసే మనిషి భోజనానికి వెళ్ళాడు. కిటికీ అవతలి అమ్మాయి "వస్తుందండీ, వస్తుందండీ" అంటూనే ఉంది. రిపోర్టు చేతికి వచ్చేసరికి ఒంటిగంట దాటి చాలాసేపయింది. అయినా ఆమె పరిగెత్తింది. ఎందుకు పరిగెడుతోందో ఆమెకే తెలియదు. పాప తల భుజం మీద బరువుగా ఊగుతోంది. వరండా ఖాళీ. బెంచీలు ఖాళీ. ఊడ్చే మనిషి చీపురుతో ఈ చివరి నుంచి వస్తోంది.

పేర్లు పిలిచే నర్సు మాత్రం పెద్ద డాక్టరు గది తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఆ తలుపు కూడా సరిగ్గా పడదు, లోపలి నుంచి గొంతు వినిపిస్తోంది.

"…అప్పుడు హాలు ఓనరు ఏమన్నాడంటే డాక్టరుగారూ, ఆ మాటకంటే ముందు ఓనరు తండ్రి సంగతి చెప్పాలి…"

ఆమె తలుపు తోసింది. పెద్ద డాక్టరు బ్యాగు భుజాన తగిలించుకుని, సగం లేచి, సగం కూర్చుని ఉన్నాడు. తాతగారు రెండు చేతులతో ఆయన బల్ల అంచు పట్టుకుని, ఆయాసపడుతూ, మాట మాటకీ ఆగుతూ, అయినా ఆపకుండా చెబుతున్నాడు. పెదాలు తెల్లబారి ఉన్నాయి. గుమ్మంలో ఆమెను చూశాడు.

"అంతేనండీ. ఇక సెలవు" అన్నాడు.

ఓనరు తండ్రి సంగతి గాలిలోనే ఉండిపోయింది. జీవితంలో ఒక్క రీలు కూడా మధ్యలో ఆపని మనిషి లేచి ఆమెకు కుర్చీ చూపించాడు.

నర్సు ఆమె చెవిలో గొణిగింది: "ఎవరైనా లాబుకో స్కానింగుకో వెళ్ళి ఇంకా రాలేదంటే ఈయన ఇంతే. వాళ్ళు వచ్చేదాకా డాక్టర్ని కుర్చీలోంచి లేవనివ్వడు. మీరు కేకలేసిన రోజు కూడా, స్కానింగుకి వెళ్ళిన ఒక పెద్దావిడ కోసం. చెబుదామంటే నన్ను చెప్పనివ్వలేదు."

ఆమె కుర్చీలో కూర్చుంది. కళ్ళు తుడుచుకుని రిపోర్టు బల్ల మీద పెట్టి, అలవాటుగా అందుకుంది: "మళ్ళీ రిలాప్స్ అండీ. ప్రోటీన్…"

"మొదటి నుంచి" అంది గుమ్మం దగ్గర ఒక గొంతు.

డాక్టరు నిస్సహాయంగా నవ్వి బ్యాగు కింద పెట్టాడు. "చెప్పండమ్మా. ఎలాగూ నా భోజనం చల్లారిపోయింది."

ఎక్కడ మొదలుపెట్టాలో ఆమెకు తోచలేదు. "పాపకి సబ్బు నీళ్ళతో బుడగలు ఊదడం ఇష్టమండీ" అంది. అన్నాక సిగ్గేసింది. కానీ డాక్టరు తలెత్తి మొదటిసారి పాప మొహం చూశాడు. ఆమె చెప్పుకుపోయింది. పాప బుడగలు ఊదుతూ ఒళ్ళంతా తడుపుకుంటుంది, జలుబు చేస్తుంది, అది తగ్గి హమ్మయ్య అనుకునేలోగా కళ్ళు ఉబ్బుతాయి…

డాక్టరు కలం ఆగింది. "ఆగండాగండి. వాపుకి ముందు జలుబు చేసిందా? ప్రతిసారీనా?"

ఆమె వేళ్ళు మడిచి గుర్తు చేసుకుంది. ప్రతిసారీ. కానీ ఆసుపత్రికి వచ్చేనాటికి జలుబు ఉండేది కాదు. లేని లక్షణాన్ని రిపోర్టులో ఎవరు రాస్తారు?

"ఈ ముక్క ఫైల్లో ఎక్కడా లేదే!" అన్నాడు డాక్టరు. ఆ రోజు మందు మారింది. జలుబు మొదలైన వెంటనే ఏం చెయ్యాలో, ఎవరికి ఫోను చెయ్యాలో కాగితం మీద రాసి ఇచ్చాడు. జబ్బు పోతుందని మాత్రం ఆయన అనలేదు.

డయాలసిస్ గదిలో తాతగారిని చూడటానికి ఆమె పాపను వెంటబెట్టుకుని వెళ్ళేది. మనిషి మంచంలో సగమయ్యాడు. పక్కన మిషను తిరుగుతుంటే దానివైపు చూపించి, "ఇది కూడా నా ప్రొజెక్టర్ లాగే శబ్దం చేస్తుంది. బొమ్మే పడదు" అనేవాడు. అక్కడి కుర్ర టెక్నీషియన్ ఎటూ పోలేడు గనక, కథ తీరిగ్గా సాగేది.

"మొదటి నుంచి చెప్పే ఈ అలవాటు మీకు ఎప్పటి నుంచి తాతగారూ?" అని ఒకనాడు అడిగింది.

ఆశ్చర్యం, ఆయన వానతో మొదలుపెట్టలేదు. "మా ఆవిడ నీలాగేనమ్మా. క్లుప్తం. 'కొంచెం నలతగా ఉందండీ' అనేది డాక్టరుతో. వాళ్ళు కొంచెం మందే ఇచ్చారు." పాపను దగ్గరికి రమ్మని చెయ్యి ఊపాడు. "పిల్లకి కుందేలు చూపించాలి. ఆ టార్చి ఇలా ఇవ్వు."

ఆ తర్వాత ఒకసారి వెళ్ళేసరికి ఆ మంచం మీద ఇంకెవరో ఉన్నారు. టెక్నీషియన్ ఆమెను చూసి తల దించుకున్నాడు.

"నాకింకా పెళ్ళిదాకానే చెప్పారండీ" అన్నాడు.

పాపకు ఇప్పటికీ అప్పుడప్పుడు వాపు వస్తుంది, తగ్గుతుంది. డాక్టర్లు ఇప్పటికీ మారుతూనే ఉన్నారు. మొన్న మరో కొత్తాయన తలెత్తకుండా "ఏంటండీ ప్రాబ్లమ్?" అన్నాడు. ఆమె పాపను ఒళ్ళో సర్దుకుని, తాతగారి టార్చి పాప చేతికిచ్చి, సబ్బు బుడగల దగ్గర ఎత్తుకుంది. తలుపు ఇంకా సరిగ్గా పడటం లేదు.

"ఎక్కడిదాకా వచ్చింది?" అన్నారు బయట ఎవరో.

"ఇంకా జలుబు చెయ్యలేదు."

"అయితే టీ తాగొద్దాం పదండి."

ఆమెకు నవ్వొచ్చింది. అయినా తొందరపడలేదు. టార్చి పాపకే ఇచ్చేసిన రోజు తాతగారు పాప తల మీద చెయ్యి పెట్టి చెప్పిన మాట ఆమెకు గుర్తుంది:

"ముందు వాళ్ళకి పిల్లని చూపించు తల్లీ, తర్వాత జబ్బుని చూపించు. వెనక ఎంతమంది గొణిగినా సరే, మొదటి రీలు మాత్రం వదలకు."