అరచందమామ ముక్క

మా అత్తగారు పోయారు. పోయిన గురువారం పొద్దున్న కాఫీ కలిపి పిలవడానికి వెళ్ళింది నేనే. చెయ్యి ముట్టుకుంటే చల్లగా ఉంది. కాసేపు మంచం అంచున కూర్చుని, అప్పుడు లేచివెళ్ళి మావారిని లేపాను.

పక్షవాతం వచ్చిన ఈ మూడేళ్ళూ ఆవిడ ఫరంపేటలో మా ఇంటి ముందుగదిలో మంచానికే అతుక్కుపోయారు. ఆవిడను చూసుకోవడానికి నేను కాకినాడలో ఉద్యోగం మానేశాను. ఆ గదికి ఒకటే కిటికీ. పడుకుని చూస్తే ఎదురింటి గోడ తప్ప ఇంకేమీ కనపడదు. "నాతోపాటు నువ్వూ పడిపోయావమ్మాయ్" అనేవారు. నేను దుప్పటి సర్దేదాన్ని.

మంచం కింద నాలుగు బిస్కెట్ డబ్బాల నిండా మోటారుసైకిలు ఇంజను సామాను ఉండేది. ఫ్రెంచివాళ్ళు మా ఊరేలిన కాలం నాటి ఆ బండి మా మామగారిది. ఒకరోజు ఉన్నట్టుండి స్టార్టవడం మానేసిందట. లోపం ఎక్కడో తెలియక ఆయన ఇంజను మొత్తం విప్పారు. మళ్ళీ బిగించకుండానే పోయారు.

కిందటేడు వానల్లో వీధంతా నీళ్ళు నిలిచి వారం రోజులు గడప దాటలేకపోయాం. "ఆ డబ్బాలు తియ్యి, ఏది ఏంటో చూద్దాం" అన్నారు అత్తగారు. మామగారు విప్పిన ప్రతి ముక్కనీ కిరసనాయిలుతో కడిగింది ఆవిడే. పేర్లు తెలియవు గానీ చోట్లు తెలుసు. ఎడమచేత్తో తడిమి, "ఇది చైను పక్కనుండేది. ఇది పైమూత లోపల" అని ముద్దమాటలతో చెప్పేవారు. నేను చీటీలు రాసి అంటించేదాన్ని. నీళ్ళు తీసేశాక కూడా ఆ పని మానలేదు. ఏమిటో తేలనివి పదహారు మిగిలాయి.

వాటికోసం ద్రాక్షారామం నుంచి ఓ ముసలి మెకానిక్కుని పిలిపించాను. ఆయన నేలమీద కూర్చుని పదహారింటికీ పేర్లు చెప్పాడు. తర్వాత ఇరుసుని వెలుతురులో తిప్పి చూశాడు.

"ఇక్కడో గాడుందండి. ఇందులో అరచందమామలాగ చిన్న ఇనప ముక్కుండాలండి. అది లేకపోతే ఇంజన్లో చక్రం జారిపోద్ది, బండి స్టార్టవదండి."

అత్తగారు మొహం గోడవైపు తిప్పుకున్నారు. ఆయన టీ తాగడానికి బయటికి వెళ్ళాక, "బీరువాలో నా కుంకుమభరిణె తే" అన్నారు. మామగారు పోయాక దాన్ని ఎవరూ తెరవలేదు. కుంకుమ అడుగున ఆ ముక్క ఉంది.

"ఆయనకి చూపు మసకేసింది. రెండుసార్లు ఏటిగట్టు మీంచి పడ్డారు. చెప్తే వినరు. ఓసారి శుభ్రం చెయ్యడానికి ఇంజను విప్పినప్పుడు, కడుగుతా కడుగుతా ఇదొక్కటీ దాచేశాను. నెల్లాళ్ళు ఇంటిపట్టునుంటారనుకున్నాను. ఐదేళ్ళు కూర్చున్నారు. రోజూ విప్పడం, వెతకడం. పక్కన కూర్చుని టార్చి పట్టింది నేనే."

"ఇచ్చేయకపోయారా అత్తయ్యా?"

"మొదటిరోజే ఇస్తే తిట్టేవారు, అయిపోయేది. ఏడాదయ్యాక ఏ మొహంతో ఇవ్వను?" భరిణె నా చేతిలో పెట్టి, "నేనున్నన్నాళ్ళూ మీ ఆయనకి చెప్పకు. తర్వాత నీ ఇష్టం" అన్నారు.

నాకు కోపం రావలసింది. రాలేదు. మనిషిని కాపాడుకోవాలని తలుపు మూసి, అదే గదిలో తనూ ఉండిపోయిన మనిషిలా కనిపించారు. ఆ గదిలో నాకు ఊపిరాడని రోజులు ఎన్నో ఉన్నాయి. ఆ తర్వాత కూడా ఉన్నాయి. కానీ ఆరోజు నుంచి ఆవిడకు దుప్పటి కప్పేటప్పుడు నా చేతుల్లో విసురు లేదు.

మొన్న మావారికి చెప్పాను. "నాన్న ఆ టార్చి వెలుగు ఒణుకుతోందని విసుక్కునేవాడు" అన్నారు.

అప్పట్లో, అత్తగారుండగానే, ఆ ముక్క డబ్బా అడుగున దొరికిందని చెప్పి మెకానిక్కుకి ఇచ్చాను. బండి బిగించడానికి ఆయనకి పది రోజులు పట్టింది. ఆయన వాకిట్లో కిక్కు కొడుతుంటే నేను అత్తగారి దగ్గర నిలబడ్డాను. నాలుగోసారికి ఇంజను అందుకుంది. ఇల్లంతా చప్పుడు.

"ఆపెయ్యమంటారాండి?" అని కిటికీలోంచి అరిచాడాయన.

అత్తగారు వద్దన్నట్టు తల ఊపారు. మంచం పక్క స్టూలు మీద గ్లాసులో మంచినీళ్ళు సన్నగా అదురుతూ చుట్లు చుట్లుగా కదులుతున్నాయి. ఆవిడ ఎడమచెయ్యి చాపి, ఆ గ్లాసు అంచుమీద వేలు ఆనించి, అలాగే ఉంచారు.