మూడు బాకాలూ, వరదానం చెవీ

భీమడోలు మిషను పేటలో వరదానం చెవిని అనుమానించినవాడు అంతకు ముందు ఎవడూ లేడు. అనుమానించిన మొదటివాడు వరదానమే. అదీ సరిగ్గా పెళ్ళిళ్ళ రోజుల్లో, ఊళ్ళో పెద్దమనిషి తన నోటి మాట కోసం కాచుకు కూర్చున్నప్పుడు. ఖర్మ కాకపోతే ఏమిటి చెప్పండి!

వరదానం భీమడోలు బ్యాండు మేళానికి మాస్టారు. ఊడ్పులప్పుడూ కోతలప్పుడూ పరాయివాళ్ళ చేలల్లో పని, మిగతా రోజుల్లో కార్నెట్టు, అదీ ఆయన బతుకు. కార్నెట్టంటే మేళంలో పాట నడిపించే చిన్న బాకా. పెద్ద యుద్ధం నుంచి తిరిగొచ్చిన పటాలం బ్యాండాయన ఒకరు ఏలూరు మిషను బంగళాలో కొన్నాళ్ళుంటే, ఆయన దగ్గర నేర్చుకున్నాడు. ఆ పటాలం వాళ్ళు వదిలించుకున్న పాత బాకాలనే మిషను దొరలు కొని పేటకిచ్చారు. అప్పట్నుంచి ఏలూరులో ఊరేగింపైనా, పేటలో శవయాత్రైనా వరదానం మేళమే. కొల్లేటి లంకల్లో పెళ్ళైతే పెళ్ళివారు ఒక పడవలో, మేళం ఇంకో పడవలో. నీళ్ళ మీద ఆయన కార్నెట్టు వినబడిందంటే గట్టున వలలు బాగుచేసుకునేవాళ్ళు పని ఆపి నిలబడేవాళ్ళు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. తెలియనట్టు నడిచేవాడు.

పంతొమ్మిది వందల ముప్ఫై ఆరులో ఆ కార్నెట్టు కాస్తా మెడ దగ్గర చిట్లిపోయింది. కంచరి వీరాస్వామి ఏళ్ళ తరబడి దానికి మాట్లు వేస్తూనే వచ్చాడు. ఈసారి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "ఇందులో ఇత్తడి కంటే నా మాట్లే ఎక్కువండీ. ఇక నావల్ల కాదు, నన్నొదిలెయ్యండి" అన్నాడు.

రైసుమిల్లు గంగాధరరావుగారు కూతురు చంద్రకళ పెళ్ళి తలపెట్టిందీ అప్పుడే. మగపెళ్ళివారిది తాడేపల్లిగూడెం. వాళ్ళు గూడెం మేళాన్ని వెంటబెట్టుకొస్తున్నారు. ఆ మేళానికి బాకాలన్నీ కొత్తవేనట, ఎండలో చూస్తే కళ్ళు జిగేలుమంటాయట. గంగాధరరావుగారికి ఈ మాట చెవిన పడగానే అన్నం సయించలేదు.

"ఏం వరదానం, గూడెం వాళ్ళ ముందు మనవాళ్ళు అతుకుల బాకాలతో నిలబడితే నా మొహం ఎక్కడ పెట్టుకోను? నీకూ, నీ పక్కవాడికీ చెరొక కార్నెట్టు కొనిస్తాను. ఎక్కడిది కొనాలో నువ్వే తేల్చు" అన్నారు.

ఏలూరులో ఉండి మద్రాసు షాపుల సరుకు తెప్పించే పాండురంగారావుగారు చూడ్డానికని మూడు కార్నెట్లు పట్టుకొచ్చారు. ఒకటి లండనులో చేసింది. ఒకటి జర్మనీది. మూడోది మన దేశంలోనే, ఉత్తరాదిన మీరట్‌లో చేసింది. ఆదివారం ఆరాధన అయ్యాక వరదానం ఒకదాని పేరు చెప్పాలి. మిగతా రెండూ మర్నాటి రైల్లో వెనక్కి వెళ్ళిపోతాయి.

"లండనుదే కదా?" అన్నారు గంగాధరరావుగారు, అడిగినట్టూ కాక, చెప్పినట్టూ కాక.

"ఊది చూసి చెబుతానండీ" అన్నాడు వరదానం.

చూశాడు. ఇంటి అరుగు మీద కూర్చుని ఒకదాని తరవాత ఒకటి ఊదాడు. లండనుది గొంతు మెత్తన. జర్మనీది తీరుగా, గట్టిగా పలికింది. మీరట్‌దానికి మీటలు కాస్త బిరుసు, గొంతులో కాస్త జీర. ఇంతవరకూ బాగానే ఉంది, లండను వైపే మొగ్గాడు. కాని ఒకే స్వరాన్ని మూడింటిమీదా వరసగా పట్టేసరికి మూడూ మూడు చోట్ల పలికాయి. మీరట్‌ది పైన, లండనుది దానికి కింద, జర్మనీది ఇంకాస్త కింద. అయితే మేళంతో కలిసేది ఈ మూడింటిలో ఒక్కటే అయ్యుండాలి, అదేదో తేలిపోతే పని అయిపోతుంది అనుకుని సంతోషించాడు పాపం.

సాయంత్రం చర్చి ఆవరణలో మేళాన్ని నిలబెట్టాడు. ఆనవాయితీ ప్రకారం మాస్టారు ముందు నిలబడి ఒక పొడుగు స్వరం పడతాడు, తరవాత వెనకవాళ్ళు అందుకుంటారు. లండనుది ఊదాడు. మేళమంతా వచ్చి పాలల్లో నీళ్ళలా కలిసిపోయింది. ఆహా, ఇదే అనుకున్నాడు. ఎందుకైనా మంచిదని జర్మనీది ఊదాడు. అదీ కలిసింది! మీరట్‌ది ఊదాడు. అదీ కలిసి ఊరుకుంది!

వరదానానికి బుర్ర తిరిగింది. ముగ్గురు మనుషులకు కొలతలు తీస్తే ముగ్గురివీ వేరు వేరు, తీరా ఒకే చొక్కా ముగ్గురికీ సరిపోతే ఎలా ఉంటుంది? అలా ఉంది.

"ఏరా ఎజ్రా, ఏది బాగుంది?" అని అడిగాడు. ఎజ్రా పెద్ద బాకా ఊదుతాడు, మనిషీ అంతే పెద్ద.

"మూడూ బ్రహ్మాండంగా ఉన్నాయండీ."

"మూడూ ఎలా ఉంటాయిరా! సత్యవేదం, నువ్వు చెప్పు."

సత్యవేదం రెండో కార్నెట్టు. మీసాలు రానప్పట్నుంచీ వరదానం దగ్గరే నేర్చుకున్నవాడు, ఇప్పుడు పిల్లల తండ్రి. అతను తల వంచుకుని, "మీరు ఏది ఊదితే అదే బాగుంటుందండీ" అన్నాడు.

"నిన్ను పొగడమన్నానా? ఏది బాగుందో చెప్పమన్నాను!" అని కసిరాడు వరదానం. కసిరితే ఇంకేం చెబుతారు? అందరూ మరింత మర్యాదగా నిలబడ్డారు.

మర్నాడు పాండురంగారావుగారినైనా అడుగుదామని పోతే ఆయన, "లండనుదంటే లండనుదేనండీ. అలాగని జర్మనీ పనితనానికి వంక పెట్టగలమా చెప్పండి? ఆ మాటకొస్తే మీరట్‌దీ తీసెయ్యడానికి లేదండీ" అని మూడు వైపులా తలూపారు. వరదానం ఎలా వెళ్ళాడో అలాగే తిరిగొచ్చాడు.

దారిలోనే ఆ ఆలోచన పట్టుకుంది. మూడూ వేరు అని అరుగు మీద విన్నాడు. మూడూ ఒకటే అని ఆవరణలో విన్నాడు. రెండూ నిజం కావు కదా. ఎక్కడో ఒకచోట చెవి అబద్ధం చెప్పింది. అంటే? చెవి పోతోందన్నమాట!

తనకు నేర్పి, మొదట్లో మేళాన్ని నడిపిన పటాలం ఆయనకూ చివర్లో ఇలాగే అయింది. ఆయన ఎక్కడో ఊదేవాడు, అందరూ మొహమొహాలు చూసుకునేవారు. చెవి లేని మాస్టారు మేళానికి చేటని, అప్పుడు ఆ కార్నెట్టు తీసుకుని తను ముందు నిలబడ్డాడు. ఇప్పుడు తన వంతు వచ్చిందా? పొలం పని నడుం ఉన్నంతవరకే. ఆ తరవాత కూడా మనిషిగా చూస్తారంటే కార్నెట్టు వల్లే. అది కాస్తా పోతే పేటలో నేనెవణ్ణి? భయమేసింది, దాచుకోవడమెందుకు, ఏడుపే వచ్చింది.

శనివారం మధ్యాహ్నం భార్య కృపమ్మ గిన్నెలు తోముకుంటూ ఉంటే ఎదురుగా వచ్చి కూలబడ్డాడు.

"ఆ చెంబు మీద గరిటెతో కొట్టు."

కొట్టింది.

"ఇప్పుడా బిందె మీద. ఏది పైన పలికింది? చెంబే కదా? చెంబే కదూ?"

"చెంబేనండీ. ఏమైంది మీకు? ఎండ దెబ్బ తగిలిందా ఏమిటి?"

ఇక ఆగలేకపోయాడు. "చెవి పోతోందే కృపా" అని మొదలుపెట్టి అరుగూ, ఆవరణా, మూడు బాకాలూ, కలవనివి కలవడమూ అంతా చెప్పేశాడు. కృపమ్మ చేతిలో బూడిద ఎండిపోయేదాకా విని, "ఓస్, ఇదా! కలవక ఏంచేస్తాయండీ? మీరు మొదటి స్వరం పట్టగానే వెనక వాళ్ళంతా గొట్టాలు జరుపుకుంటారుగా" అంది.

"ఏ గొట్టాలు?"

"ఆ వంకీ గొట్టాలండీ. ఇలా బయటికి లాగుతారు, ఇలా లోపలికి నొక్కుతారు. ఊరేగింపులో నేను మేళం వెనకాలే నడుస్తాను కదా, ఎప్పుడూ చూస్తూనే ఉంటాను. మీకు తెలుసనుకున్నాను."

వరదానానికి గొట్టం సంగతి తెలియక కాదు. ప్రతి బాకాకీ జారే వంకీ గొట్టం ఒకటి ఉంటుంది, లాగితే స్వరం దిగుతుంది, నొక్కితే ఎక్కుతుంది. నేర్పిందే ఆయన. కాని మాస్టారు ముందు నడవాలి, వెనక్కి తిరిగి చూడకూడదు, చూస్తే మేళం బెదురుతుందని పటాలం ఆయన పెట్టిన కట్టడి. ఆ కట్టడిని వరదానం ఒక్కనాడూ తప్పలేదు. పైగా కొత్తలో ఎవరో ఒకడు వేరేగా పలికితే, "నా స్వరంతో కలవనివాడు నా మేళంలో ఉండక్కర్లేదు" అని చర్చి ముందే అరిచాడు. ఆయన మరిచిపోయాడు. వాళ్ళు మరిచిపోలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక ఆవరణలో అందరూ చేరారు. గంగాధరరావుగారికి కుర్చీ వేశారు. పాండురంగారావుగారు పక్కన నిలబడ్డారు. వరదానం మేళం ముందుకు వచ్చి, ఏనాడూ లేనిది, వాళ్ళ వైపు తిరిగి నిలబడ్డాడు. ఎటు చూడాలో వాళ్ళకు తోచలేదు.

"ఇవాళ ముందు నేను ఊదను. ఎజ్రా, నువ్వు పట్టు. నీకు సుఖంగా ఎక్కడ పలికితే అక్కడే పట్టు. అందరూ వాడితో కలవండి. కలిశాక గొట్టం మీద చెయ్యి వేశారో, ఊరుకునేది లేదు!"

"మాస్టారండీ, మీరు పట్టకుండా మేమెలాగండీ?" అన్నాడు ఎజ్రా బిక్కమొహం వేసి.

"పట్టరా అంటుంటే!"

ఎజ్రా పట్టాడు. ఒక్కొక్కరే వచ్చి కలిశారు. అప్పుడు వరదానం లండనుది అందుకుని అదే స్వరం ఊదాడు. అమ్మో! పళ్ళు జివ్వుమన్నాయి. గంగాధరరావుగారు కుర్చీలో సర్దుకున్నారు. జర్మనీది ఊదాడు, అది ఇంకా ఘోరం. ఆవరణ అంచున ఎవరిదో కుక్క లేచి వెళ్ళిపోయింది. మీరట్‌ది ఊదాడు. అది కాస్త పైన పలికింది గాని, కూతవేటు దూరంలోనే ఉంది, దాని గొట్టం లాగితే అందుతుంది.

"నా చెవి పోలేదు! కృపా, నా చెవి పోలేదే!" అని ఆడవాళ్ళ వైపు చూసి కేక పెట్టాడు వరదానం. అంతమందిలో కేక వేశానని తరవాత సిగ్గుపడ్డాడనుకోండి.

"మరి లండనుది అంతేనా? పేరు గొప్పేనా?" అన్నారు గంగాధరరావుగారు.

"దానికేం తప్పు లేదు బాబుగారండీ. మేళమంతా ఆ స్వరానిదైతే దాన్ని మించింది లేదు. మనవి పాత పటాలం బాకాలు, పై స్వరానివి. వీటితో నడిచేది మీరట్‌దేనండీ."

"అవునండీ, ఆ దేశాల్లో ఇప్పుడు కొన్నిటిని కింది స్వరంలోనే చేస్తున్నారట" అన్నారు పాండురంగారావుగారు తాపీగా.

"ఆ ముక్క మొన్న చెప్పొచ్చు కదండీ!"

"మీరు ఏది మంచిదని అడిగారు గాని, ఇది అడగలేదు కదండీ."

గంగాధరరావుగారు నవ్వేసి, మీరట్‌వే రెండూ ఖాయం చేసి లేచారు. వరదానానికి గుండెల మీంచి బరువు దిగింది. ఉత్సాహం పట్టలేక మేళంవాళ్ళతో, "చూశార్రా, ఈ పరదేశపు వాటితో ఎంత తిప్పలో! నా పాత కార్నెట్టు ఉన్నన్నాళ్ళూ ఈ గొట్టాల గొడవే లేదు. మీరు చెయ్యి వెయ్యకుండానే కలిసేది" అన్నాడు.

సత్యవేదం నేల చూపులు చూశాడు. ఎజ్రా పెద్ద బాకాని తువ్వాలుతో తుడవడం మొదలుపెట్టాడు, తుడవాల్సినదేమీ లేకపోయినా.

"ఏమిట్రా?"

"ఏం లేదండీ."

"సత్యవేదం, చెప్పు. కోప్పడను."

"వీరాస్వామిగారు మాటు వేసినప్పుడల్లా చిట్లిన చోట కాస్త కోసి అతికేవారండీ. మెడ పొట్టిదైంది. మీరు ఏటేటా కొంచెం పైకి పోతూ వచ్చారండీ. మేమూ నొక్కుకుంటూ వచ్చాం. ఎజ్రా గొట్టం లోపలికి పోవడానికి ఇక చోటు లేదండీ."

ఇన్నాళ్ళూ కొల్లేటి మీద, ఏలూరు వీధుల్లో, వరదానం తను ముందు నడుస్తూ వీళ్ళందరినీ నడిపిస్తున్నాననుకున్నాడు. వెనక నుంచి వీళ్ళు తనను పడిపోకుండా మోసుకొస్తున్నారు. కోపం రావాలి, రాలేదు. సిగ్గేసింది. ఆ సిగ్గులోంచి వీళ్ళ మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది.

"చెప్పొచ్చు కదరా" అన్నాడు చివరికి.

"మీరు మాస్టారు కదండీ" అన్నాడు ఎజ్రా.

వరదానం మీరట్ కార్నెట్టు తీసుకున్నాడు. ఎజ్రాను మళ్ళీ స్వరం పట్టమన్నాడు. అందరూ కలిశాక తనూ ఊది, ఆపి, సత్యవేదం వైపు చూశాడు.

"నేనెక్కడున్నాను?"

సత్యవేదం ఎజ్రా వంక చూశాడు. ఎజ్రా ఆకాశం వంక చూశాడు.

"చెప్పరా నాయనా. నేనెక్కడున్నాను?"

"కొంచెం పైనున్నారండీ" అన్నాడు సత్యవేదం. చెంపలు ఎర్రబడ్డాయి.

వరదానం గొట్టం లాగి ఊదాడు.

"ఇప్పుడు?"

"ఇంకొంచెం దిగాలండీ, మాస్టారూ."

వరదానం ఇంకొంచెం దిగాడు.