తుడవకూడని తుప్పు

ఆర్మూర్ మార్కెట్ యార్డు దగ్గర పసుపు కొమ్ములకు పాలిష్ పట్టే డ్రమ్ములు తిరిగే రోజుల్లో పక్క దుకాణాల మెట్ల మీద కూడా పచ్చటి పొడి పేరుకుంటుంది. మొన్న నేనక్కడ ఉండగానే ఒక డ్రమ్ము టక్కున ఆగిపోయింది. ఇరుసు రెండు ముక్కలైంది. డ్రమ్ము నడిపే అతను వాటిని అతికించి చూడబోతే, "ఆగు భాయ్, కలపకు!" అని అరిచాను. ఆ మాట నాది కాదు, వసంత మేడంది.

మా ఇంజనీరింగ్ కాలేజీలో ఆమె లోహాల పాఠం చెప్పేది. నేను ల్యాబ్ ఇన్‌ఛార్జిని. పరిశోధన పెద్ద సంస్థల పని, మనకు సిలబస్ చాలని మేమంతా అనుకునేవాళ్ళం. ఆమె మాత్రం మూడో సంవత్సరం పిల్లల చేత మోర్తాడ్, బాల్కొండ వైపు ఊళ్ళ నుంచి విరిగిన డ్రమ్ము ఇరుసులు తెప్పించింది. "ఫీజు కట్టింది పాత ఇనుము ఏరనీకా అని మా బాపు తిడుతుండు మేడం," అన్నాడొక విద్యార్థి. "బాపును గూడ తోలుకరా. నడి సీజన్ల ఇరుసు ఇరిగితె మనకన్న ఆయనకే ఎక్కువ ఫికర్," అందామె. విరిగిన ముఖం మీద సన్నటి గీతలుంటాయి. పగులు ఎక్కడ మొదలై ఎంత మెల్లగా పాకిందో అవే చెబుతాయి. అందుకే మొదటి రోజే పిల్లలకూ నాకూ కలిపి చెప్పింది: "ముక్కలు కలిపి చూడొద్దు. తుప్పు తుడవొద్దు. తుడిస్తె గీతలు గూడ పోతయి, అది ఇగ మనకేం చెప్పదు."

ఏడాది తిరిగేసరికి కాలేజీకి తనిఖీ బృందం వస్తుందన్నారు. బల్ల నిండా తుప్పు ముక్కలుంటే నాకు నామోషీ అనిపించింది. గరుకు కాగితంతో అన్నిటినీ రుద్ది, నూనె రాసి, వరసగా పేర్చాను. అద్దాల్లా మెరిశాయి. మర్నాడు మేడం వాటిని చూసి స్టూలు మీద కూలబడింది. పిల్లల ఏడాది శ్రమలో ఒక్క గీత మిగల్లేదు.

"ఎవరు రుద్దిండ్రు సార్?"

"అటెండర్ యాదగిరి గావచ్చు మేడం."

ఆమె నా చేతులవైపు చూసింది. గోళ్ళ సందుల్లో నల్లపొడి ఇంకా ఉంది.

సంగతి ప్రిన్సిపాల్ దాకా వెళ్ళింది. ఆయన గదిలో మేడం, యాదగిరి, నేను ముగ్గురం నిలబడ్డాం. "యాదగిరిని రేపటి సంది రావద్దను," అన్నాడాయన. "ఆయన తప్పు లేదు సార్. తుడవొద్దని నేనే ఎవలకు చెప్పలే," అంది మేడం. "మరింకేంది? బీటెక్ పోరగాళ్లతోటి రీసెర్చ్ చేపిస్తె గిట్లనే ఉంటది. బంద్ చెయ్యమ్మా." యాదగిరి ఉద్యోగం నిలిచింది. ఆ పని ఆగిపోయింది. తర్వాత ఆమె కాలేజీ వదిలి వెళ్ళింది. నేను ఆ గదిలో నోరు విప్పలేదు, ఆ తర్వాతా విప్పలేదు.

"మేడంకు తెలివి మస్తు గని, జాగ్రత్త లేకుండె," అని స్టాఫ్‌రూములో ఇప్పటికీ అంటారు. అది నిజం కాదు. ఆమె చెప్పింది. నేను విన్నాను. రుద్దింది నేనే.

మొన్నటి ఇరుసు ముక్కలను అడిగి తెచ్చుకుని, విడివిడిగా పొడిగుడ్డల్లో చుట్టి క్లాసుకు తీసుకెళ్ళాను. తుప్పెందుకు తుడవకూడదో చెప్పాక వెనక బెంచీ అమ్మాయి నవ్వుతూ అడిగింది: "గింత చెప్పినంక గూడ ఎవరన్న తుడుస్తరా సార్?"

"నేను తుడిచిన," అని మొదలుపెట్టాను.